రెండింటికల్లా సర్కిల్ దాటాలి

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిన మొదటి రోజు నాకు చెప్పిన నియమం ఒక్కటే. సీటు ఖాళీగా ఉండకూడదు. బోర్డు ముందు కూర్చున్న మనిషి లేవాలంటే తర్వాతి డ్యూటీ మనిషి వచ్చి పక్కన నిలబడాలి. ఆమె తల మీది హెడ్‌సెట్టు తీసి ఈమె తలకు తగిలించాలి. ఆ తర్వాతే మొదటి మనిషి కుర్చీ వదలాలి. మిగతా నియమాలు ఓ ముప్పై దాకా గోడకు అంటించి ఉండేవి. వాటిని ఎవరూ చదివినట్టు లేదు. అంటించినవాళ్లు కూడా చదివి ఉండరు, ఎందుకంటే కాగితం తలకిందులుగా ఉండేది.

ఇది డెబ్బైల చివర, తిరుపతిలో. అప్పట్లో మద్రాసుతో మాట్లాడాలంటే ముందు మాతో మాట్లాడాలి. మేము ఒక రంధ్రంలోంచి తీగ పీకి ఇంకో రంధ్రంలో గుచ్చితే గానీ ఎవరి గొంతూ ఎవరికీ వినిపించేది కాదు. ఈ అధికారం వల్ల మాలో అందరికీ కొంచెం గర్వం ఉండేది. నాకు కొంచెం ఎక్కువ ఉండేది.

నేను మధ్యాహ్నం రెండింటికి కూర్చునే సీటులో పొద్దున ఏడింటి నుంచి ఒక అక్క ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆడబిడ్డ పుట్టింది. కాన్పు సెలవు అయిపోయి డ్యూటీకి వచ్చేసరికి బిడ్డకు మూడో నెల. ఆ బిడ్డ డబ్బా పాలు ముట్టదు. గ్లాసుతో పోస్తే ఉమ్మేస్తుంది, ఉగ్గుగిన్నెతో పోస్తే ఊదేస్తుంది. వాళ్ల ఇల్లు ఎక్స్ఛేంజికి రెండు వీధుల అవతల. పది గంటలకు టీ విరామంలో, ఆ వేళకు మాత్రమే వచ్చే బదులు మనిషిని కూర్చోబెట్టి, అక్క పరిగెత్తుకుంటూ వెళ్లి పాలిచ్చి పరిగెత్తుకుంటూ వచ్చేది. ఆ తర్వాత మళ్లీ రెండింటికే. ఒంటిగంట దాటితే ఇంట్లో బిడ్డకు తెలిసిపోయేది, ఇక్కడ తల్లికీ తెలిసిపోయేది. రవిక ముందు తడిసేది. అక్క కొంగును రెండు మడతలు వేసి కప్పుకునేది. నాలుగు మడతలు కనిపించాయంటే నేను బాగా ఆలస్యంగా వచ్చానని అర్థం.

నేను రోజూ ఆలస్యంగా వచ్చేదాన్ని. పదిహేను నిమిషాలు, ఒక్కోసారి ఇరవై. ఆ కాసేపు సూపర్‌వైజరు గారు కూర్చోవచ్చు కదా అని అడుగుతారేమో. ఆయన మంచివారే. కానీ ఆయన చేతికి తీగ ఇస్తే కుప్పం అడిగినవాళ్లకు కాళహస్తిని కలిపేవారు. అందుకని ఆయన కిటికీ దగ్గర నిలబడి నా సైకిలు వస్తోందా అని చూసేవారు. అక్క మాత్రం నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు. అని ఉంటే నేనూ తిరిగి ఒకటి అని ఊరుకునేదాన్ని. అనకపోవడం వల్ల ఆ సంగతి ఇంటికి కూడా నాతోనే వచ్చేది.

నా ఆలస్యానికి కారణం చెప్పాలంటే మా ఇల్లు చెప్పాలి. మా ఆయన మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మా వైపు అదేమీ వింత కాదు. చిన్నప్పుడు నన్ను పలమనేరు సంతలో భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు కాబట్టి, నాకు ఏమీ చేతకాదని ఆయనకు పెళ్లికి ముందే తెలుసు. పెళ్లికి ముందూ మామా అనేదాన్ని, తర్వాతా మామా అనేదాన్ని. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. మెడలో విజిల్ లేకుండా ఆయన అన్నం తినగా నేను చూడలేదు. మా అత్త అంటే మా అమ్మను కన్న అవ్వే. ఆ అవ్వ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఆమెను ఒక్కదాన్నే వదలడానికి లేదు. అంటే మా ఇంట్లోనూ సీటు ఖాళీగా ఉండకూడదు.

అందుకని పొద్దున డ్యూటీలో ఉన్న నేను మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. పొద్దుటి నుంచి అవ్వను నేను చూసుకునేదాన్ని. ఒంటిగంటన్నరకు మామ బళ్లోంచి అన్నానికి వచ్చేవాడు. ఆయన గడపలో కాలు పెట్టగానే నేను ఆయన సైకిలెక్కి బయల్దేరేదాన్ని. ఆయన తిని, అవ్వకు తినిపించి, పక్కింటామె వచ్చి కూర్చున్నాక నడుచుకుంటూ బడికి పోయేవాడు. నాకు ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి సైకిలు మీద ఇరవై నిమిషాల దారి. లెక్క ప్రకారం పది నిమిషాలు మిగలాలి. మిగలకపోవడానికి కారణం మధ్యలో ఉన్న నాలుగు రోడ్ల సర్కిల్.

సైకిలు తొక్కడం నాకు ఇరవై ఏడో ఏట వచ్చింది. నేర్పింది మామే. అంతకుముందు రెండేళ్లూ పొద్దున ఆరున్నరకు నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆయనే ఎక్స్ఛేంజి దగ్గర దింపేవాడు. సర్కిల్ రాగానే, "దిగు మే, డబల్స్ పోతే పోలీసాయన పట్టుకుంటాడు" అనేవాడు. దిగేదాన్ని. ఇద్దరం నడిచి దాటి అవతల మళ్లీ ఎక్కేవాళ్లం. చట్టానికి లోబడిన దంపతులం. ఇప్పుడు నాకు చీరతో తొక్కడానికి వీలు కావాలని ఆయన తన మగ సైకిలు కొట్లో ఇచ్చేసి, బదులుగా ఒక పాత లేడీస్ సైకిలు తెచ్చాడు. దాని మీదే బడికి పోయేవాడు. పిల్లలు నవ్వితే విజిలేసి, "ఇది మోకాలికి మంచిదిరా" అని చెప్పేవాడట. నిజంగా నమ్మి ఇద్దరు పిల్లలు ఇంట్లో లేడీస్ సైకిలు కావాలని పోరుపెట్టారు.

సాయంత్రాలు బడి గ్రౌండులో పది రోజుల్లో నేర్చుకున్నాను. మోకాళ్లకు రెండు దెబ్బలు, మోచేతికి ఒకటి, ఫుట్‌బాల్ గోలు స్తంభానికి ఒకటి. పదో రోజుకు గ్రౌండు చుట్టూ ఒక చేత్తో కూడా తొక్కాను. గ్రౌండులో నాకు ఎదురు లేదు. గ్రౌండులో నిజంగానే ఎదురుగా ఎవరూ లేరు.

సర్కిల్లో ఉన్నారు. కొండకు పోయే బస్సులు ఒక రోడ్డులో, కొండ దిగే బస్సులు ఒక రోడ్డులో, రైలు దిగినవాళ్లను ఎక్కించుకున్న జట్కాలూ రిక్షాలూ ఇంకో రోడ్డులో, టమాటా గంపల లారీలు నాలుగో దాంట్లో. నడుమ ఒక డ్రమ్ము, దాని మీద గొడుగు కింద పోలీసాయన. వీటన్నిటికీ అడ్డంగా యాత్రికులు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు తప్పిపోకుండా కొంగుకు కొంగు, కొంగుకు పంచె ముడివేసుకుని ఒకే వరసలో నడిచేవారు. ముందు ఒక పెద్దాయన, వెనక ముప్పై మంది. ఆయన ఎటు పోతే అందరూ అటే. ఆయనకు దారి తెలియదు.

బెల్లు కొడితే పక్కకు జరగడం ఊళ్లోవాళ్ల అలవాటు. యాత్రికులు బెల్లు వినగానే ఆగి, గుడి ఎక్కడా అని చుట్టూ చూసేవారు. వరస మధ్యలోంచి దూరిపోదామంటే సందు ఉండదు, ముడి ఉంటుంది. నాకు సర్కిల్ ఇంకా యాభై గజాల దూరంలో ఉండగానే కాళ్లు చల్లబడేవి. దిగిపోయేదాన్ని. రోడ్డు ఓరన సైకిలు పట్టుకుని, నా కోసం అందరూ ఆగే క్షణం ఒకటి వస్తుందని ఎదురుచూసేదాన్ని. అట్లాంటి క్షణం తిరుపతిలో లేదు. చివరికి ఏ ఆవో దాటుతుంటే దాని పక్కన నడిచి దాటేదాన్ని.

సాయంత్రం డ్యూటీ లేని రోజుల్లో అన్నాల దగ్గర మామ నాకు సర్కిల్ పాఠం చెప్పేవాడు. పళ్లెం మధ్యలో సంగటి ముద్ద పెట్టి, అది పోలీసాయన అనేవాడు. చుట్టూ ఉన్న అనపగింజలు బస్సులు.

"నేనేది మామా?"

"నువ్వు ఈ మిరపకాయ. సూడు, మిరపకాయ ఓరగా వస్తాది. ఎవురి కండ్లలోకీ సూడదు. కండ్లలోకి సూస్తే వాడికి తెలిసిపోతాది నువ్వు సూసినావని. సూసినావు గదా, నువ్వే ఆగుతావులే అని వాడు వచ్చేస్తాడు. సూడకుండా తల దించుకొని పో. అప్పుడు వాడే ఆగాల."

"ఆగకుంటే?"

"ఆగుతాడు మే. మనిషి గదా."

ఆ తర్వాత పోలీసాయన్ని, బస్సులను, నన్ను కలిపి తినేసేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

మామ పాఠం పనిచేయలేదు. పనిచేసింది ఇంకోటి, అదీ పొరపాటున. సర్కిల్‌కు ముందు రోడ్డు కొంచెం పల్లంగా ఉంటుంది. ఒకరోజు బ్రేకు పట్టలేదు. నేను దిగే లోపలే సైకిలు నన్ను సర్కిల్ నడుమకు తీసుకుపోయింది. ఎదురుగా ముడివేసుకున్న వరస, ముప్పై గుండ్లు, వాటి మీద గంధం. నా నోట్లోంచి నాకు తెలియకుండానే "గోవిందా!" అని పెద్ద కేక వచ్చింది. భక్తి కాదు, భయం.

వరస ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ముప్పై మందీ చేతులు నెత్తి మీదికెత్తి "గోవిందా గోవింద!" అన్నారు. వాళ్లు అనే లోపల నేను వాళ్ల ముందు నుంచి దాటేశాను. వెనక్కి తిరిగి చూస్తే వాళ్ల పక్కన బస్సు కూడా ఆగి ఉంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఒకటీ యాభై అయిదుకు ఎక్స్ఛేంజిలో ఉన్నాను. అక్క నన్ను చూసి, గోడ గడియారం చూసి, "ఏం పాపా, గడియారం చెడిపోయిందా మనది?" అంది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను అదే పద్ధతిలో సర్కిల్ దాటాను. బ్రేకు బాగుచేయించుకున్నాను గానీ దానితో పని పడలేదు. వరస దగ్గరికి రాగానే గోవిందా అంటాను, వాళ్లు ఆగి చేతులెత్తుతారు, నేను పోతాను. దేవుడి పేరు బెల్లుకు బదులు వాడుకుంటున్నానే అని ఒకటి రెండు సార్లు మనసు పీకింది. కానీ అక్క కొంగు రెండు మడతల్లోనే ఉండేది. దేవుడు కూడా అది చూస్తూ ఉంటాడని సరిపెట్టుకున్నాను.

పదో రోజు వరస పెద్దది. యాభై మంది ఉంటారు. నేను గోవిందా అన్నాను. వాళ్లు ఆగారు, సర్కిల్ నట్టనడుమ. ఆగి అందుకున్నారు. అదే సమయానికి కొండకు పోయే బస్సు నిండా జనం. కిటికీల్లోంచి వాళ్లూ అందుకున్నారు. కొండ దిగే బస్సువాళ్లు, దర్శనం అయినవాళ్లు కదా, ఇంకా గట్టిగా అన్నారు. వీళ్లు ముగిస్తే వాళ్లు మొదలుపెడతారు, వాళ్లు ముగిస్తే వీళ్లు. ముందు ఊరుకున్నవాళ్లకు భక్తి తక్కువ అన్నట్టు ఎవరూ ఊరుకోలేదు. ఇంతలో డ్రమ్ము మీది పోలీసాయన కూడా, ఎంతైనా తిరుపతి మనిషి, రెండు చేతులూ పైకెత్తి గోవిందా అన్నాడు. పోలీసాయన రెండు చేతులూ ఎత్తితే నాలుగు రోడ్లూ ఆగాలి. ఆగాయి.

అప్పటికైనా నేను పోయి ఉండాల్సింది. కానీ నా సైకిలు హ్యాండిలు ఒక ముసలావిడ కొంగుముడిలో చిక్కుకుంది. వెనక ఒక రిక్షా చక్రం ఇంకో ముడిలోకి దూరింది. ముడి విప్పమ్మా అని బతిమాలాను.

"విప్పకూడదమ్మా. ఊరు చేరేదాకా విప్పొద్దని మా పెద్దోడు ఒట్టు పెట్టించుకున్నాడు" అంది ముసలావిడ.

"మీ పెద్దోడు యాడుండాడు?"

"వరస ముందర."

వరస ముందర ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. యాభై మందిని దాటుకుంటూ మాట ముందుకు పోయి, అనుమతి వెనక్కి వచ్చి, ముడి విప్పేసరికి రెండున్నర. నేను బోర్డు దగ్గరికి పోయేసరికి రెండూ నలభై. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొంగు ఎన్ని మడతలు వేసిందో నేను లెక్కపెట్టలేదు, అన్నీ తడిసే ఉన్నాయి. హెడ్‌సెట్టు నాకు తగిలించి, బోర్డు అంచు పట్టుకుని లేచి, గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె రాలేదు. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చిందన్నారు. నేను ఆరోజంతా పని సరిగ్గా చేశాను. ఇంట్లో అవ్వ గంజి చల్లగా ఉందంటే ఆమె మీద కేకలేశాను. నా జీవితంలో నేను సిగ్గుపడ్డ రోజులు చాలా లేవు, అది ఒకటి.

మూడో రోజు శనివారం. అక్క డ్యూటీకి వచ్చింది. నేను వెళ్లేసరికి గేటు దగ్గర ఆమె అత్త బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. బిడ్డ ఏడుస్తోంది. ఇక మీద రోజూ బిడ్డను గేటు దాకా తెస్తుందట, దారిలో పోయే రెండు నిమిషాలైనా మిగులుతాయని.

"సైకిలు బాగుండాదా తల్లీ? దానికేమీ కాలేదు గదా?" అని అడిగింది ఆమె.

"బాగుందమ్మా."

"అది సాల్లే. మా కోడలికే బాగలేదు. ఇదో సూడు, సోమవారం దాకా సూస్తా. మళ్లీ ఇట్లనే అయితే ఉద్యోగం మానిపిచ్చేస్తా. తొమ్మిదేండ్లకు పుట్టిన బిడ్డ. నేను ఈడ ఎండలో దీన్ని ఏడిపిచ్చుకుంటా నిలబడలేను."

నేను కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మామూలుగా నాకు అది కష్టమైన పని కాదు. కానీ ఆమె మాటల్లో తప్పు దొరకలేదు.

లోపల అక్క హెడ్‌సెట్టు నాకిస్తూ మొదటిసారి ఆ సంగతి ఎత్తింది. "పాపా, ఇంట్లో నేను పెద్దగా మాట్లాడను. నా మాట ఎవురూ వినరు. ఈడ కూర్చుంటే మద్రాసు నా మాట వింటాది. ఎట్లైనా సేసి రెండింటికల్లా రా పాపా." అంతే అంది. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. నావీ అంతే, కాని నాకు అప్పటికే చిత్తూరు లైను వచ్చేసింది.

ఆదివారం నాకు సెలవు. మామ ఇంట్లో ఉన్నాడు. సరుకులకని చెప్పి సైకిలేసుకుని నేరుగా సర్కిల్‌కు పోయి, డ్రమ్ము దాకా తోసుకుంటూ వెళ్లి, పోలీసాయన ముందు నిలబడ్డాను. యాభై ఏళ్లుంటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"నువ్వేనా అమ్మీ, గోవింద కొట్టేది?"

"నేనే సార్."

"ఇన్నేండ్ల సర్వీసులో నాలుగు రోడ్లూ ఒక్కసారి నేను నిలపలేదు. నువ్వు నిలిపిస్తివి."

"నిలిపింది మీ చేతులు సార్. నేను నోరు మాత్రమే తెరిచినాను."

"గోవిందా అంటే చేతులెత్తకుండా ఎట్లుంటారమ్మా?" అన్నాడు కోపంగా. అది నిజమేనని ఇద్దరం ఒప్పుకున్నాం. అప్పుడు ఆయనకు అంతా చెప్పాను. సీటు సంగతి, బిడ్డ సంగతి, గేటు దగ్గర ముసలామె సంగతి. ఆయన వింటూనే ఎడమచేత్తో ఒక లారీని ఆపి, కుడిచేత్తో రెండు జట్కాలను పంపాడు. తర్వాత డ్రమ్ము దిగాడు. దిగితే నా భుజం దాకా వచ్చాడు.

"రోడ్డుకు యా పక్క వస్తావు నువ్వు?"

"ఓరగా."

"అదే నీ తప్పు. ఓరగా పోయేవాళ్లను ఇంకా ఓరకే తోస్తారు. నడుమకు రా. నడుమన ఉంటే వాడికి నిన్ను సూడక తప్పదు."

"కండ్లలోకి సూడొద్దన్నాడు సార్ మా మామ."

"ఎవురా మామ?"

"మా ఆయన. డ్రిల్లు మాస్టరు."

"మెడలో విజిలేసుకోనుంటాడే, ఆయనా?" పోలీసాయన నవ్వాడు. "ఆయన ఈ సర్కిల్లో ఏనాడన్నా సైకిలెక్కినాడా? సరుకులకు ఒక్కడే వచ్చినా ఆడ దిగి, ఈడిదాకా తోసుకోనొస్తాడే!"

"డబల్స్ పోతే మీరు పట్టుకుంటారని..." అన్నాను. "పొద్దున ఆరున్నరకు..."

"ఆరున్నరకు నేను యాడుంటానమ్మా? నా డ్యూటీ ఎనిమిదింటికి."

డ్రమ్ము మీద ఎవరూ లేరని నేనూ రెండేళ్లు చూసినదాన్నే. అడిగితే, "అదే వాళ్ల ఎత్తు మే, యాడో దాక్కోనుంటారు" అనేవాడు మామ. నేను గోడల చాటు, చెట్ల చాటు వెతుకుతూ నడిచేదాన్ని. లేని పోలీసు కోసం రెండేళ్లు దిగి నడిచాం. నాకు అక్కడికక్కడే ఒళ్లు మండింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తనకు భయమైతే చట్టం మీద పెట్టాడు.

పోలీసాయన నా కోసం ఒక్క బండిని కూడా ఆపలేదు. "నీ కోసం ఆపితే, రేపు నేను సెలవు పెట్టినరోజు ఏం సేస్తావు?" అన్నాడు. డ్రమ్మెక్కి, నన్ను ఆరుసార్లు తిప్పించాడు. మొదటిసారి చెయ్యి చాపితే, "గాజులు సూపిస్తాండావా? బస్సు నిలిపేటట్టు చాపు!" అని అందరికీ వినపడేటట్టు అరిచాడు. రెండోసారి మధ్యలో భయపడి వెనక్కి తిప్పబోతే ఒక రిక్షా అతను నన్నూ మా వంశాన్నీ తిట్టాడు. పోలీసాయన ఇంకా గట్టిగా అరిచాడు. "చెయ్యి చాపినాంక మనసు మార్చుకోవద్దు! మనసు మార్చుకొనేవాళ్లే ఈడ సచ్చేది!" మూడోసారి ఒక జట్కావాడి కళ్లలోకి చూశాను. వాడు నిజంగానే పగ్గం లాగాడు. ఆరోసారికి కాళ్లు ఆగలేదు. ఆయన బాగుందని అనలేదు. "పో, ఎండకు మాడిపోతావు" అన్నాడు.

ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా మామను ఏమని కడగాలో మాటలు పేర్చుకున్నాను. మంచి మాటలు దొరికాయి. ఇల్లు చేరేసరికి ఆయన అవ్వను ఒళ్లో పడుకోబెట్టుకుని తల దువ్వుతున్నాడు. లేడీస్ సైకిలు గోడకు ఆనిస్తుంటే నాకు ఆయన బడి గేటులో దాని మీద దిగడం, పిల్లలు నవ్వడం కళ్లకు కట్టింది. అంత నవ్వును ఓర్చుకున్న మనిషి సర్కిల్‌కు భయపడ్డాడు. ఒక్కొక్కరికి ఒక్కో చోట కాళ్లు చల్లబడతాయి, నాకు తెలియనిది కాదు. ఆ పూట పళ్లెంలో మిరపకాయ మళ్లీ ఓరగా పోయింది. నేను ఊఁ కొట్టాను. ఇదంతా మంచితనం అనుకోవద్దు. ఎప్పుడైనా పెద్ద గొడవ వచ్చినప్పుడు పనికొస్తుందని దాచుకున్నాను, అంతే.

సోమవారం ఒంటిగంటన్నరకు మామ రాలేదు. ముప్పై అయిదుకూ రాలేదు. నేను చెప్పులేసుకుని గడపలో నిలబడి ఉన్నాను. పక్కింటామె రెండు దాటితే గానీ రాదు. అవ్వను వదిలి పోలేను, ఆమె లోపలి నుంచి, "ఎవురూ రాలేదా?" అని అడుగుతూనే ఉంది. ఒకటీ నలభై ఒకటికి ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. బళ్లో ఒక పిల్లవాడు పడి తల పగలగొట్టుకున్నాడట. నేను సైకిలు లాక్కున్నాను.

"సర్కిల్ కాడ దిగి పో మే! బతికుంటే బలుసాకు తినొచ్చు!" అని వెనక నుంచి అరిచాడు.

ఆ ఇరవై నిమిషాల దారిని నేను ఎట్లా తొక్కానో గుర్తులేదు. సర్కిల్ గుర్తుంది. పోలీసాయన డ్రమ్ము మీద ఉన్నాడు, నన్ను చూసి కూడా చూడనట్టు అటు తిరిగాడు. నేను ఓర వదిలి నడుమకు వచ్చాను. వెనక ఒక లారీ హారన్ కొట్టింది. కొట్టనిచ్చాను. కుడిచెయ్యి చాపాను. ఎదురుగా కొండబస్సు వస్తోంది. డ్రైవరు కళ్లలోకి చూశాను. ఎంత దగ్గరంటే ఆయన మీసం మీద నశ్యం మరక కనిపించింది. ఆయనా నన్ను చూశాడు. బస్సు బుస్సుమని ఆగింది. ఆయన గడ్డంతో, పో అన్నట్టు చూపించాడు.

బస్సు దాటగానే వరస. కొంగులు, ముడులు, గుండ్లు. గోవింద నా గొంతు దాకా వచ్చింది. మింగేశాను. కాలు దించకుండా మెల్లగా తొక్కుతూ వరస చివర ఎక్కడుందో చూసుకుంటూ దాని వెనక నుంచి పోయాను. చిట్టచివర ఒక చిన్నావిడ కొంగు పట్టుకునేవాళ్లు లేక దాన్ని తన చేతికే చుట్టుకుని నడుస్తోంది. ఆమెను దాటాక రోడ్డు ఖాళీ. అప్పుడు తెలిసింది, పళ్లు బిగించి బిగించి నా దవడ నొప్పి పుట్టిందని.

ఎక్స్ఛేంజి గేటు దగ్గర ముసలామె నిలబడి ఉంది. బిడ్డ ఒళ్లు ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. నేను ఆమె వైపు చూడకుండా సైకిలు గోడకేసి పడేసి లోపలికి పరిగెత్తాను. గడియారంలో ఇంకా రెండు కాలేదు. ముల్లు రెండు నిమిషాల ఇవతల ఉంది.

అక్క మద్రాసుతో మాట్లాడుతోంది. వీపు నిటారుగా పెట్టుకుని తలుపు వైపు చూడకుండా కూర్చుంది. ఇక చూడకూడదని అనుకుని ఉంటుంది. నేను పక్కన వచ్చి నిలబడ్డాను. ఆమె తల తిప్పి నా ముఖం చూసింది, తర్వాత గడియారం చూసింది.

"రెండు కాలేదే పాపా" అంది.

"కాలేదక్కా" అన్నాను. ఆయాసంతో అంతకంటే రాలేదు.

మద్రాసు లైనులో ఉండగానే హెడ్‌సెట్టు తీసి నా తలకు పెట్టింది. ఆమె చేతులు నా జడలో చిక్కుకున్నాయి. విడిపించుకుని, చెప్పులు కుర్చీ కిందే వదిలేసి వెళ్లింది. నేను కూర్చున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది.

మా హెడ్‌సెట్టు ఒక చెవికే ఉండేది. ఆ చెవిలో మద్రాసు ఆపరేటరు కుప్పం నంబరు చెబుతోంది. రెండో చెవిలో కిటికీ అవతల గేటు దగ్గర బిడ్డ ఏడుపు. అది పెరిగి, ఒక వెక్కుతో సగంలో తెగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. తీగ చేత్తో పట్టుకుని ఆ ఏమీ లేకపోవడాన్ని వింటూ కూర్చున్నాను.

"తిరుపతీ, లైనులో ఉన్నావా?" అంది మద్రాసు ఆపరేటరు.

"ఉండాను."

"ఏమమ్మా ఆ గొంతు? జలుబా?"

అవునన్నాను. నంబరు మళ్లీ చెప్పమని అడిగి కుప్పం కలిపాను.